పూల కోసం వంటింటి ఉల్లి: కొన్ని చలికాలాలు పెంచి చూశాక

ఊదా రంగు బంతుల్లా పూసే విదేశీ ఉల్లి దుంపల జోలికి నేను పోను. వాటికి రెండు మూడు నెలలు ఎడతెగని చలి కావాలి. ఒడిశా కొరాపుట్ కొండల్లోని మా సునాబెడలో జనవరి తెల్లవారుజామున వేళ్లు కొంకర్లు పోయినా, మధ్యాహ్నానికి స్వెట్టర్ విప్పేయాల్సిందే. నేను చెప్పేది బుట్టలో మొలకెత్తి కూరకు పనికిరాకుండా పోయిన మామూలు నాసిక్ ఉల్లి గురించి.

ఆ పువ్వంటే నాకు పిచ్చి. వానలు వెనకబట్టాక గట్టి పెద్ద పాయను మెడ బయటికి కనబడేలా కుండీలో పెడితే, సంక్రాంతి వెళ్లాక ఆకుల మధ్య నుంచి బోలు కాడ లేస్తుంది. కింది భాగం కాస్త ఉబ్బి, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. కొసన పల్చటి తెల్ల పొర ముసుగు. అది ఒక పక్కకి చిరిగి లోపలి మొగ్గలు బయటపడ్డ రోజు నేను వంట ఆలస్యం చేస్తాను. వందల మొగ్గలు ఒక్కసారే విచ్చవు, రోజూ కొన్ని. అందుకే ఆ గుండ్రటి గుత్తి వారాల తరబడి నిలుస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే ప్రతి తెల్ల రేకు నడుమా సన్నటి ఆకుపచ్చ గీత. పొద్దెక్కితే తేనెటీగలు.

కిందటేడు ఫిబ్రవరిలో మాత్రం ఏడిపించింది. కాడలు నిండుగా లేచిన సమయంలో మబ్బు పట్టి, జల్లులు వదల్లేదు. ఒక కాడ మీద గోరంత తెల్ల మచ్చ కనబడింది. చూస్తుండగానే అది సాగి, మధ్యలో లోపలికి నొక్కుకుపోయి ఊదాగా మారింది, చుట్టూ పసుపు అంచు. సరిగ్గా ఆ మచ్చ దగ్గరే కాడ మడతపడి, విచ్చని మొగ్గలతో గుత్తి తలకిందులైంది. వెదురు పుల్లకి కట్టాను. తాడు కట్టిన చోటికి పైన ఇంకో మచ్చ ఉంటే, అక్కడ విరిగింది. వారం తిరిగేసరికి సగం కుండీలు అంతే.

దగ్గర్లోని సెమిలిగుడలో పురుగుమందుల కొట్టతను ఫొటో చూడగానే ఊదామచ్చ తెగులన్నాడు. ఉల్లి విత్తనం కట్టే రైతులకి ఇదే పెద్ద టెన్షనట. మాంకోజెబ్ అనే బూజు తెగుళ్ల మందు లీటరు నీటికి 2.5 గ్రాములు కలపమన్నాడు, అందులో జిగురు మందు తప్పనిసరి, లేకపోతే నున్నటి ఆకు మీంచి జారిపోతుంది. ఈ ఏడు మబ్బు కనబడగానే కొట్టాను, గుత్తి విచ్చాక ఆపేశాను, తేనెటీగలొస్తాయి కదా. కుండీలు దూరం జరిపి, నీళ్లు ఆకుల మీద కాకుండా మొక్క మొదట్లోనే పోశాను. ఒకటీ అరా తప్ప నిలబడ్డాయి.

నీళ్లు తప్ప ఏమీ అడగదని ఇదివరకు అందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు ‘చలికాలం పొడిగా ఉంటే’ అని కలుపుతున్నాను. పూత అయ్యాక ఎండిన కాడలతో కుండీ చూడబుద్ధి కాదు, అదీ నిజమే.

ఘాట్ దిగితే సాలూరు. అక్కడ మా చెల్లి ఇవే పాయలు పెడితే ఆకు బాగా వచ్చింది, పువ్వు అంతంతమాత్రం. కాబట్టి కింద ఊళ్లవాళ్లకి నేను హామీ ఇవ్వలేను. నాకైతే కొండ చలీ ఉంది, పొద్దున్నే కుండీల చుట్టూ తిరిగి చూసుకునే తీరికా ఉంది. పక్కింటి ఒడియా ఆవిడతోనే చిక్కు. లేత కాడ కనబడితే చాలు, బంగాళాదుంపతో వేపుడు చేస్తే ఎంత బావుంటుందో చెబుతుంది. రుచి చూశాను, బావుంది కూడా. వచ్చే అక్టోబరులో ఆవిడ కోసం గోడ వారగా విడిగా ఒక వరస పెట్టేస్తాను.