తిరువాన్మియూర్‌లో మా వీధి తలుపు తాళం మరమ్మతు

చెన్నై తిరువాన్మియూర్‌లో, సముద్రానికి నాలుగు వీధుల ఇవతల ఉంటున్న మా ఇంట్లో ఉప్పుగాలికి తుప్పు పట్టని ఇనుప వస్తువు లేదు. వీధి తలుపు తాళం ఆరు నెలలుగా మొరాయిస్తూ వచ్చింది. తలుపును భుజంతో ఎత్తిపట్టి, తాళంచెవిని కాస్త వెనక్కి లాగి తిప్పితే తప్ప గడియ కదిలేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం మా అత్తగారు లోపలినుంచి తాళం తీయలేక, నేను వచ్చేదాకా ముప్పావుగంట తలుపు దగ్గరే కూర్చుండిపోయారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి చెమటలు కక్కుతూ కనిపించేసరికి ఇక ఆలస్యం చేయకూడదనుకున్నాను.

ఫోనులో బుక్ చేసుకునే ఒక సంస్థనుంచి వచ్చిన కుర్రవాడు, ఒక్క స్క్రూ కూడా విప్పకుండానే తాళం, పిడి మొత్తం సెట్టు మార్చాలని, 5,200 రూపాయలవుతుందని చెప్పాడు. అతన్ని పంపేసి, మైలాపూర్ కోనేటి దగ్గర తాళంచెవులు కోసే ఒక చిన్న దుకాణానికి వెళ్ళాను. గోడనిండా దిండుగల్ తాళాలు వేలాడుతున్న దుకాణం అది (2019లో భౌగోళిక గుర్తింపు పొందిన తాళాలు ఇవే). తమిళం, తెలుగు కలిపి మాట్లాడే ఆ పెద్దాయన మర్నాడే మా ఇంటికి వచ్చారు.

ఆయన మొదట తాళాన్ని ముట్టుకోలేదు. "అమ్మా, తలుపు తెరిచే ఉంచి తాళం తిప్పండి" అన్నారు. తిప్పితే, కాస్త గరగరలాడినా, గడియ బయటికి వచ్చింది. మూసి తిప్పితే పట్టేసింది. తలుపు తెరిచినప్పుడు తిరిగే గడియ మూసినప్పుడు తిరగకపోతే, లోపం తాళంలో కంటే తలుపు వాలులోనే ఎక్కువగా ఉంటుందని చెబుతూ, గుమ్మానికి ఉన్న రేకు మీద గడియ రాసుకుని పడిన మెరిసే గీతను చూపించారు. పై బందు స్క్రూలు వదులై తలుపు కిందికి జారింది. స్క్రూ రంధ్రాల్లో జిగురు రాసిన చెక్కపుల్లలు దిగగొట్టి, పొడవాటి స్క్రూలు బిగించగానే సగం బాధ తీరింది.

మిగతా సగం మా స్వయంకృతం. మా దగ్గర ఉన్నవన్నీ నకలుకు నకలుగా చేయించిన తాళంచెవులు. ఆయన వాటిని, అటకమీది డబ్బాలో దొరికిన అసలుదాన్ని పక్కపక్కనే అరచేతిలో పెట్టి చూపిస్తే, అసలుదాని పళ్ళు పదునుగానూ నకళ్ళ పళ్ళు నున్నగా అరిగిపోయినట్టుగానూ కనిపించాయి. తాళంచెవి దూరే సిలిండర్‌లోని ప్రతి పిన్ను సరిగ్గా తన గీత వరకే లేస్తేనే తాళం తిరుగుతుంది. కోసే యంత్రానికి అరుగుదల ఏదో, ఆకారం ఏదో తెలియదు కనుక, అరిగిన చెవికి తీసిన నకలు కూడా ఆ తప్పునే మోస్తుంది. దానికి తోడు, బిగిసినప్పుడల్లా మేము కొబ్బరినూనె పోశాం. తలుపు అంచున ఉన్న పొడవాటి స్క్రూ ఒక్కటి విప్పి, చెవిని కొద్దిగా తిప్పి సిలిండర్ బయటికి లాగి పేపరు మీద తట్టేసరికి, నూనె, దుమ్ము కలిసిన నల్లటి ముద్ద రాలింది. తాళానికి నూనె వద్దని, పెన్సిల్ ముక్కులాంటి గ్రాఫైట్ పొడి చాలని గట్టిగా చెప్పారు.

పిన్నులు బాగా అరిగినందువల్ల సిలిండర్ ఒక్కటే మార్చి, గడియ ఉండే తాళం పెట్టెను శుభ్రం చేసి అలాగే ఉంచారు. కొలత విషయంలో ఆయన చూపిన శ్రద్ధ నాకు బాగా నచ్చింది. స్క్రూ రంధ్రం మధ్యనుంచి ఇటు 30, అటు 30 మిల్లీమీటర్లు కొలిచి, సిలిండర్ బయటికి పొడుచుకువస్తే దొంగలు పట్టకారుతో విరిచే వీలుంటుందని, పలకకు సమానంగా కూర్చునే 60 మిల్లీమీటర్లదే బిగించారు. కొత్త చెవుల ప్యాకెట్టును మా ఎదుటే విప్పారు. సిలిండర్‌కు 850, కూలికి 400 తీసుకున్నారు.

లోపాలూ చెప్పాలి. చెప్పిన సమయానికి రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు, అడిగితేగాని రసీదు ఇవ్వలేదు, గ్యారంటీ నోటిమాటే. పైగా రంపపు పొడి మేమే ఊడ్చుకున్నాం. అయినా మళ్ళీ అవసరమైతే ఆయననే పిలుస్తాను. తమిళ నెలలు ఐప్పసి, కార్తీకల వానలకు చెక్క ఉబ్బినా తాళం పట్టేయలేదు; ఉదయం పాలప్యాకెట్టు కోసం మా అత్తగారే రెండు వేళ్ళతో తిప్పి తలుపు తీస్తున్నారు.