హెచ్‌డీ 600 కొనాలా, 560ఎస్ చాలా?

సెన్‌హైజర్ కంపెనీ హెడ్‌ఫోన్స్ హెచ్‌డీ 600కి ఆడియో పిచ్చోళ్లు 1997 నుంచి దండం పెడుతూనే ఉన్నారు, గొంతుల విషయంలో అది న్యాయమే గానీ, బాగా కిందుండే బాస్ దగ్గరికొచ్చేసరికి చల్లబడిపోతుంది, డ్రమ్ము కొట్టారని తెలుస్తుంది తప్ప గుండెకి తగలదు. పైగా దాని ఇంపీడెన్స్ (కరెంటుకి అడ్డు) 300 ఓమ్‌లు, మామూలు ఫోన్‌కి పెడితే వాల్యూమ్ చాలక ఆంప్ (సౌండ్ పెంచే యాంప్లిఫయర్) ఖర్చు మీద పడొచ్చు. కొత్తలో తలని గట్టిగా పట్టేస్తుంది కూడా.

2020లో వచ్చిన అదే కంపెనీ హెచ్‌డీ 560ఎస్ 120 ఓమ్‌లే. బాస్ ఇంకా లోతుకి దిగుతుంది, ధరా తక్కువే. ట్రెబుల్ (సన్నటి పై శబ్దాలు) మాత్రం కాస్త గుచ్చుతుంది, 'స', 'శ' పలికినప్పుడు మరీను.

రెండూ ఓపెన్ బ్యాక్, అంటే వెనక వైపు తెరిచి ఉండేవి, బస్సులో పెట్టుకుంటే పక్క సీటాయన కూడా వింటాడు! నా ఓటు 560ఎస్‌కే. గాత్ర కచేరీలు తప్ప ఇంకేమీ వినని వాళ్లయితే 600 తీసుకోండి.