కోవళంలో రెండు బోట్లు, అదనంగా 2,800

పెట్రోలుతో కలిపి బోటు అద్దె 9,000 అని ఫోన్లో రెండుసార్లు ఒప్పుకున్న మనిషి, తీరా ఒడ్డుకు దిగాక ఇంకో 2,800 అడిగాడు. "రెండు ఇంజిన్లు సార్, తాగేస్తాయి" అట. ఆ మాట ముందే చెప్పొచ్చుగా!

మా బావమరిది నెల్లూరులో గాలం వేటకు సొంతంగా బోటు కొనాలని ఏడాదిగా అంటున్నాడు. పొడవు 24 అడుగులని తేల్చుకున్నాడు. కింది భాగం లోతుగా వీ ఆకారంలో ఉండేదా, పక్కపక్కన రెండు డొప్పలుండే కాటమరానా అన్నదే తేలలేదు. రెండూ అద్దెకు ఎక్కి చూద్దామని చెన్నై రమ్మన్నాను. మావయ్యగారూ వచ్చారు. ముట్టుకాడు బోట్‌హౌస్‌లో నీళ్లు నిలకడగా ఉంటాయి, అక్కడ బోటు గుణం తెలియదు. అందుకే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఇంకాస్త ముందున్న కోవళం వెళ్లాం, కేరళది కాదు. రూము 2,400, బాగానే ఉంది.

మొదటిరోజు వీ బోటు, 3 గంటలకు 7,500. చెప్పినట్టే ఉదయం 6కి సిద్ధం. ఎదురొచ్చే అలను చీల్చుకుంటూ వెళ్తుంటే నడుముకు కుదుపే తెలియలేదు. ఇంజిన్ ఆపి గాలాలు వేశాక మొదలైంది ఊగడం, ఇటూ అటూ, ఆగకుండా. పావుగంటలో మావయ్యగారికి వాంతి. తర్వాత నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని, ఒడ్డు వచ్చేదాకా కళ్లు తెరవలేదు.

మర్నాడు కాటమరాన్. 6కి రమ్మని 11కి ఎక్కించారు. అప్పటికి సముద్రపు గాలి లేచింది. లైఫ్ జాకెట్ క్లిప్పు విరిగితే నైలాన్ తాడుతో ముడేసి ఇచ్చారు. నేను వేరేది అడిగి మార్పించాను. మీరూ మొహమాటపడకండి. ఎదురు అలల్లో రెండు డొప్పల మధ్య నీళ్లు ధబ్బు ధబ్బుమని అడుగున కొట్టాయి. ఐదుగురం, ఐసు పెట్టె, నిండు ట్యాంకు. బరువు పెరిగితే మధ్య ఖాళీ నీటికి దగ్గరవుతుంది, దెబ్బ పెరుగుతుంది. కానీ ఆపాక చూడాలి! నిన్న కళ్లు మూసుకున్న మావయ్యగారు లేచి నిలబడి, ఫ్లాస్కులోంచి స్టీలు గ్లాసులోకి టీ వంచుకున్నారు. రెండు కిలోల పార చేప ఆయన గాలానికే పడింది. ఆ సంబరమంతా ఒడ్డున డబ్బుల గొడవతో పోయింది. మేం వాదిస్తుండగానే ఆయన జేబులోంచి తీసి ఇచ్చేశారు. కారెక్కాక ఒక్క మాటా లేదు.

కట్టుమరం అనే తమిళ మాటే ఇంగ్లీషులోకి వెళ్లి కాటమరాన్ అయింది. పాత కట్టుమరం దుంగలు పక్కపక్కన కట్టిన తెప్ప, దీనికీ దానికీ పోలిక లేదు.

దూరం పరుగెత్తేవాళ్లకు వీ బోటే మేలు, ఒక్క ఇంజిన్‌తో సరి. మావాడు మూడొంతుల సేపు ఆపి గాలం వేసే రకం, పైగా నాన్నను తీసుకెళ్తానంటాడు. కాటమరానే తీసుకోమన్నాను, రెండు ఇంజిన్ల సర్వీసు ఖర్చు లెక్కేసుకునే. అయితే ఒకటి పొద్దున, ఒకటి మిట్టమధ్యాహ్నం చూసి తేల్చడం న్యాయం కాదు. వచ్చే శనివారం ఇంకొకరి కాటమరాన్ 6 గంటలకే మాట్లాడాను. పెట్రోలుతో కలిపి 9,500, వాట్సాప్‌లో రాయించుకున్నాను.