మత్తు చికిత్స: పడకల కేంద్రమా, ఊరి దగ్గరి ఓపీయా? ఏది మేలు?

ఉమ్మడి వరంగల్ జిల్లాలో మత్తు చికిత్సకు పరిమితమైన సొమ్మే ఉన్నప్పుడు, రోగిని నెల రోజులు ఉంచుకొని మాన్పించే కేంద్రం కట్టాలా, లేక పరకాల, నర్సంపేట, ములుగు ఆసుపత్రుల్లో వారానికొకసారి ఓపీ నడపాలా అన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం.

పడకల వైపు బలమైన వాదనే ఉంది. ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఒక్కసారిగా మానేస్తే రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు. ఆపై మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణం మీదికి రావచ్చు. ఉత్తర తెలంగాణలో దీనికి కల్తీ కల్లు తోడైంది. కల్లులో అల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపి అమ్మే చోట తాగేవారు తమకు తెలియకుండానే ఆ మందులకు అలవాటుపడతారు. ఎక్సైజ్ దాడితో దుకాణం మూతపడితే వణుకుతూ, వింతగా ప్రవర్తిస్తూ పలువురు ఒకేసారి ఆసుపత్రికి చేరతారు. (దాడి చేసేవారు దవాఖానకు కూడా ఒక మాట చెప్పి ఉంచితే ఎంత బాగుండును!) అయినా మద్యం మానినప్పటి ప్రమాద దశ సాధారణంగా వారంలో గడుస్తుంది కనుక, వరంగల్‌లోని ఎంజీఎం పెద్దాసుపత్రిలోనూ జిల్లా ఆసుపత్రుల్లోనూ కొన్ని పడకలు కేటాయిస్తే సరిపోతుంది. మత్తు మాత్రల మోతాదు తగ్గించడానికి వారాలు పట్టినా, చాలామందికి ఆ పని ఓపీలోనే సాగుతుంది. గంజాయికి కౌన్సెలింగే ప్రధానం. పడక అవసరం అరుదు.

నెల రోజుల బసకు ప్రభుత్వం పెట్టే ఖర్చు లెక్కలోకి వస్తుంది గానీ, పత్తి ఏరే కాలంలో ఇంటికి రాని కూలి ఎవరి లెక్కలోనూ ఉండదు. పైగా రోగి తిరిగి వచ్చేది అదే వాడకు, అదే కల్లు దుకాణం ముందుకు. అసలు చికిత్స అవసరమయ్యేది అప్పుడే, కేంద్రమేమో అప్పటికి దూరమైపోయి ఉంటుంది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో సుమారు ఒకరికే ఏదో ఒక చికిత్స అందిందని 2019లో వెలువడిన జాతీయ సర్వే తేల్చింది. కొద్దిమందికి పట్టే భవనంతో ఆ లోటు పూడదు.

ఓపీకీ లోపముంది: కొంత నయం కాగానే రావడం మానేస్తారు. ఆర్టీసీ బస్సులో భార్యకు ఉచితమే గానీ, రోగికి చార్జీ తప్పదు. అందుచేత నా మొగ్గు ఓపీ వైపే అయినా, షరతులు రెండు: రాని రోగిని ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి పలకరించాలి, తాగాలన్న కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్ వంటి మాత్రలు ఏ వారమూ నిండుకోకూడదు. భవనం కన్నా ముందు ఒక కౌన్సెలర్ జీతానికి, మూడు నెలల మందుల నిల్వకు సొమ్ము పక్కన పెట్టడం మేలు.