పాత పెట్టీ కేసు: దాచాలా, రాయాలా, తేలేదాకా ఆగాలా?

లా పాసై అడ్వకేటుగా ఎన్‌రోల్ కావాలనుకునే గుంటూరు, బెజవాడ కుర్రాళ్లలో కొందరికి ఫారంలో కేసుల ప్రశ్న దగ్గర టెన్షన్ మొదలవుతుంది. సంక్రాంతి బరి దగ్గర దొరికి కట్టిన ఫైను, కాలేజీ రోజుల ధర్నా కేసు, వీధిలో కొట్లాట కేసు ఏదో ఒకటి ఉంటుంది. సలహాలకు మాత్రం కొదవుండదు. "ఎవడు చూడొచ్చాడు, లేదని రాసెయ్" అనేవాళ్లే ఎక్కువ.

చూడొచ్చు. కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ సైటులో కేసులో ఉన్నవాళ్ల పేరు కొట్టి కేసు వెతకొచ్చు. అసలు చిక్కు అది కూడా కాదు. అడ్వకేట్స్ యాక్ట్ 1961, సెక్షన్ 26 ప్రకారం, ముఖ్యమైన విషయం తప్పుగా చెప్పి రోల్లో, అంటే అడ్వకేట్ల జాబితాలో, పేరు ఎక్కించుకుంటే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మన వాదన విని ఆ పేరు తీసేయొచ్చు. ప్రాక్టీసు పుంజుకున్నాక గిట్టనివాడు ఒక అర్జీ పడేస్తే చాలు. "అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వదిలేయమందిగా" అంటారు కొందరు. 2016 నాటి ఆ తీర్పు ఉద్యోగాల గురించి. చిన్న వయసులో నినాదాలు చేసిన కేసులాంటిది దాచినా యజమాని చూసీచూడనట్టు పోవచ్చు అంది, పోవాల్సిందే అనలేదు.

ఇక రాస్తే పోయేదేమిటి? అదే చట్టం సెక్షన్ 24ఎ ఎన్‌రోల్ కావడానికి ప్రధానంగా అడ్డుపడేది దొంగతనం, మోసం లాంటి నీతిమాలిన నేరాల్లో, అంటరానితనం నేరాల్లో శిక్ష పడ్డవాళ్లకు. ధర్నా కేసు, బరి దగ్గర ఫైను మామూలుగా ఆ కోవలోకి రావు.

అయితే రాయడంలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. "ఫైను కట్టేశాం, అయిపోయింది" అనుకుంటారు. కోర్టులో నేరం ఒప్పుకుని ఫైను కట్టామంటే కోర్టు లెక్కలో శిక్ష పడినట్టే. "ఎప్పుడైనా శిక్ష పడిందా?" అని అడిగితే "లేదు" అనడం అబద్ధమవుతుంది. కొట్లాట కేసులో లోక్ అదాలత్‌లో రాజీ పడితే మాత్రం చట్టప్రకారం నిర్దోషిగా బయటపడ్డట్టే. నేరం రుజువైనా జైలుకు పంపకుండా ప్రొబేషన్ మీద వదిలేసినవాళ్లకు 24ఎ వర్తించదని అదే సెక్షన్లో ఉంది. హెల్మెట్ లేదని పడిన చలానా కట్టేస్తే అక్కడితో సరి, తాగి బండి నడిపిన కేసు మాత్రం కోర్టుకెళ్తుంది. ఈ తేడా తెలియకుండా పెన్ను పట్టుకోవద్దు. ముందు ఆ కోర్టులో కాపీ అప్లికేషన్ వేసి తీర్పు సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి.

రాసేటప్పుడు ఇంత చాలు (ఎస్.టి.సి. అంటే సమ్మరీ ట్రయల్ కేసు, చిన్న నేరాల కేసు): "ఎస్.టి.సి. నంబరు ఫలానా, ఫలానా కోర్టు, గేమింగ్ యాక్ట్, నేరం ఒప్పుకుని రెండు వందల జరిమానా కట్టాను, కాపీ జతచేశాను." ఎస్సై పగబట్టాడని పేజీలకు పేజీలు రాస్తే చదివేవాళ్లకు లేని అనుమానం పుడుతుంది. అడగనిది కూడా కక్కేయనక్కర్లేదు. ప్రశ్న పెండింగ్ కేసుల గురించే అయితే పెండింగ్ కేసులకే జవాబు.

ఆగడం సంగతి. కేసు ఇంకా నడుస్తుంటే, అవతలివాళ్లు రాజీకి సరేనంటుంటే, వచ్చే జాతీయ లోక్ అదాలత్ దాకా ఆగడం మంచిదే. ఏడాదిలో కొన్ని నెలలకోసారి జరుగుతూనే ఉంటుంది. అవతలివాడు మొండికేస్తే మాత్రం వాయిదాల చుట్టూ ఏళ్లు పోతాయి, మీ బ్యాచివాళ్లు సీనియర్లవుతారు. అలాంటప్పుడు పెండింగ్‌లో ఉందని రాసి దరఖాస్తు చేయడమే నయం. నిజంగానే దొంగతనం లాంటి కేసులో జైలుకెళ్లినవాళ్లకు మాత్రం ఆగడం తప్పనిసరి. విడుదలై రెండేళ్లు గడిస్తేనే ఆ అడ్డు తొలగుతుంది.

నన్నడిగితే, రాజీ చేతికందే దూరంలో ఉంటే తప్ప రాసెయ్యడమే మేలు. ఇచ్చిన ఫారం జిరాక్సు మాత్రం దాచుకోండి. రేపు ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) పోస్టుకో, జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకో వెళ్తే మన పూర్వాపరాలు అడిగే అటెస్టేషన్ ఫారంలో ఇదే ప్రశ్న మళ్లీ వస్తుంది, రెండు జవాబులూ కలవాలి.