బ్రాంచ్‌లు పెరిగాయని అడ్వాన్స్ కట్టకండి: బెంగళూరు ట్రెక్కింగ్ మిత్రులకు హెచ్చరిక

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు వైపు ఉంటూ టెంట్లు, ట్రెక్కింగ్ బూట్లు, సైకిళ్లు కొనే మన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నా. అవుట్‌డోర్ సామాను అమ్మే ఒక చైన్ షాపు పరిస్థితి ఏమీ బాగాలేదు. అందులో మీకు వాలెట్ బ్యాలెన్సో, గిఫ్ట్ కార్డో, బుకింగ్ అడ్వాన్సో ఉంటే వీకెండ్ దాకా ఆగకండి. వెళ్లి దొరికిన సరుకు తీసేసుకోండి. నా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, కింద చెప్పే లక్షణాలు ఏ షాపులో కనిపించినా ఇదే జాగ్రత్త పనికొస్తుంది.

గండికోటలో ఒక రాత్రి ఉందామని నలుగురు పట్టే టెంటు, మా ఆవిడకు బూట్లు బుక్ చేశా. సగం డబ్బు ముందే కట్టించుకున్నారు. వారంలో వచ్చేస్తుందన్నారు. వారం పోయింది, నెల పోయింది. ఫోన్ చేసినప్పుడల్లా "వేర్‌హౌస్ నుంచి బయల్దేరింది సార్" అనే మాటే. కొన్నాళ్లకు ఆ నంబరు కూడా ఎత్తడం మానేశారు. ట్రిప్పు అద్దె టెంట్లతో కానిచ్చాం. పెన్నా లోయ మీద తెల్లవారడం చూశాక సగం కోపం పోయింది గానీ, డబ్బు మాత్రం రాలేదు. షాపుకు వెళ్లి రీఫండ్ అడిగితే, రీఫండ్ కుదరదు, అదే మొత్తానికి స్టోర్ క్రెడిట్ ఇస్తామన్నారు. స్టోర్‌లో సరుకే లేనప్పుడు ఆ క్రెడిట్‌తో ఏం కొనాలి?

బిల్లింగ్ దగ్గర కుర్రాడు చిత్తూరు వైపు వాడు. నేను తెలుగులో మాట్లాడేసరికి గొంతు తగ్గించి ఉన్న విషయం చెప్పేశాడు. "అన్నా, కొత్త స్టాక్ రాదన్నా. మాకే జీతాలు రాలేదు. నీ బ్యాలెన్స్‌కి ఇక్కడ ఏముంటే అది ఎత్తుకోని పోన్నా, మళ్లీ వస్తాలే అనుకోవద్దు." హెల్ప్‌లైన్ వాళ్లు అన్నాళ్లు తిప్పారు, అసలు సంగతి ఇతను ఒక్క నిమిషంలో చెప్పాడు. నేను ఒక రక్‌సాక్ (వీపు సంచి), రెండు హెడ్‌ల్యాంపులు, వానకు కప్పుకునే పాంచో ఒకటి, అవసరం లేకపోయినా, తెచ్చుకున్నా. ఇంకా కొంత మొత్తం అందులోనే ఇరుక్కుంది.

ఒకే షాపుగా ఉన్నప్పుడు వీళ్లది మంచి పేరే. కుమార పర్వత ట్రెక్‌కు వెళ్తున్నామంటే, ఈ వానకు ఆ బూట్లు వద్దని చెప్పి తక్కువ ధరవి ఇచ్చిన రోజులున్నాయి. తర్వాత వరసగా బ్రాంచ్‌లు తెరిచారు. ప్రతి ఓపెనింగ్‌కూ ఆఫర్లు, ప్రతి ఆఫర్‌లోనూ వాలెట్ స్కీము: ఇంత వేస్తే అంతకంటే ఎక్కువ సరుకు అన్నమాట. జనం "ఎన్ని బ్రాంచ్‌లో చూడు, వీళ్లెక్కడికి పోతార్లే" అనుకున్నారు. నేను చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. బ్రాంచ్‌లు పెరగడాన్ని భరోసాగా తీసుకోకండి. అవి ఎవరి డబ్బుతో తెరిచారో చూడండి.

ఈ వ్యాపారంలో డబ్బు ఎలా ఇరుక్కుంటుందో చూడండి. బూటు ఒకే మోడల్ అయినా అన్ని సైజులూ ఉంచాలి. ఎక్కువగా పోయేవి మధ్య సైజులే, చిన్నవీ మరీ పెద్దవీ అలాగే మిగిలిపోతాయి. టెంటు, స్లీపింగ్ బ్యాగు లాంటివి రోజూ అమ్ముడుపోయేవి కావు. రెయిన్‌కోట్లు, బ్యాగు కవర్లు వాన పడితేనే కదులుతాయి. పైగా టెంటు వేసి చూపించాలంటే పెద్ద హాలు కావాలి. బెంగళూరులో పెద్ద హాలంటే అద్దె, దానికి నెలల తరబడి డిపాజిట్, ఆపైన ఇంటీరియర్లు. ఒక షాపు సొంత కాళ్ల మీద నిలబడకముందే ఇంకోటి తెరిస్తే, సరుకు డబ్బంతా రాక్‌ల మీదే కూర్చుంటుంది. సప్లయర్లు అరువు ఇస్తారు నిజమే, గడువు వచ్చాక కట్టాలి కదా. అప్పుడు కొత్త బ్రాంచ్ పేరు మీద వచ్చిన అరువు సరుకు అమ్మి పాత బాకీ తీరుస్తారు. కొత్త చిట్టీ పాడి పాత చిట్టీ కట్టినట్టు. కస్టమర్లు వాలెట్‌లో వేసిన డబ్బూ అందులోకే పోతుంది. విస్తరణ ఆగిన రోజున బాకీలన్నీ ఒక్కసారి మీద పడతాయి.

ఇది మన ఊరి కథ మాత్రమే కాదు. అమెరికాలో గాండర్ మౌంటెన్ అని వేట, చేపలు పట్టడం, క్యాంపింగ్ సామాను అమ్మే చైన్ ఉండేది. 1960లో విస్కాన్సిన్‌లో కేటలాగ్ వ్యాపారంగా మొదలైంది. 1996లో ఒకసారి దివాలా తీసి లేచింది. మళ్లీ భారీ షాపులు తెరుచుకుంటూ పోయి, 160 దాకా చేరాక 2017 మార్చిలో రెండోసారి దివాలా కోర్టుకెక్కింది. క్యాంపింగ్ వరల్డ్ అనే కంపెనీ వేలంలో దాన్ని తీసుకుంది, షాపుల్లో చాలావరకు మూతపడ్డాయి. దానికి ఏడాది ముందు, 2016 మార్చిలో స్పోర్ట్స్ అథారిటీ కూలింది. దానికి 450కి పైగా షాపులు, 100 కోట్ల డాలర్లు దాటిన అప్పు. చివరికి షాపులన్నీ మూసేశారు. బ్రాండ్ పేరును పోటీ కంపెనీ డిక్స్ కొనుక్కుంది.

అంత దూరం ఎందుకు, పక్కనే చెన్నైలో సుభిక్ష సంగతి మనవాళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1997లో తిరువాన్మియూర్‌లో ఒక్క కిరాణా షాపుతో మొదలై, 2008 నాటికి దేశమంతా 1,600 దాకా తెరిచారు. 2009కి చేతిలో నగదు లేక అన్నీ మూతపడ్డాయి. బియ్యం, పప్పుల్లాంటి రోజూ పోయే సరుకు అమ్మేవాళ్ల గతే అదైతే, ఏడాదికోసారి కొనే టెంట్లు అమ్మేవాళ్ల సంగతి ఏం చెప్పాలి!

ఇక షాపులోకి అడుగుపెట్టగానే ఏం చూడాలంటే, మొదట బూట్ల సైజులు. మగవాళ్లవి 8, 9 అడగండి. ఏ మోడల్‌లోనూ లేవంటే సప్లయర్ సరుకు ఆపేశాడేమోనని అనుమానించాలి. నాలుగు రాక్‌ల సరుకును పది రాక్‌లకు పలచగా సర్దారేమో చూడండి. పేరున్న బ్రాండ్లు పోయి సొంత లేబుల్ వాటర్‌బాటిళ్లు, సాక్సులే గోడంతా వేలాడుతుంటే అదీ ఒక సూచనే. రిటర్న్ గడువు చడీచప్పుడు లేకుండా తగ్గించడం, గిఫ్ట్ కార్డు తీస్తే "సర్వర్ డౌన్" అనడం నేను చూసినవే. అన్నిటికంటే పెద్ద ప్రమాదం కార్డు మెషిన్ తీసేసి, కంపెనీ పేరు కాకుండా ఇంకెవరి పేరో కనిపించే క్యూఆర్‌కు డబ్బు కొట్టమనడం. అది కనిపిస్తే మారు మాట్లాడకుండా బయటికి రండి. మామూలు సేల్‌కూ దీనికీ తేడా ఉంది. సీజన్ సేల్‌లో పాత సరుకు పోయి కొత్తది వస్తుంది. ఇక్కడ పోవడమే గానీ రావడం ఉండదు.

ఆ కంపెనీ వివరాలు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కూడా దొరుకుతాయి. ఆస్తులు తాకట్టు పెట్టి ఏయే బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చారో అక్కడ "ఛార్జెస్" కింద కనిపిస్తుంది. అయిదు వందల రూపాయల సాక్సులకు ఇదంతా అక్కర్లేదు. లక్ష రూపాయల సైకిల్‌కు అడ్వాన్స్ కట్టేముందు మాత్రం ఒకసారి చూసుకోండి.

గిఫ్ట్ కార్డుల గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఒక షాపు తన సరుకు కోసమే ఇచ్చే కార్డుకు, వాలెట్‌కు రిజర్వ్ బ్యాంకు అనుమతి అవసరం లేదు. అంటే ఆ బ్యాలెన్స్ బ్యాంకు డిపాజిట్ లాంటిది కానే కాదు, మీరు షాపుకిచ్చిన అప్పు. రేపు వాళ్లు ఐపీ పెడితే, 2016 నాటి దివాలా చట్టం ప్రకారం ముందు ఆ ప్రక్రియ ఖర్చులు, తర్వాత తాకట్టు ఉన్న బ్యాంకులు, ఉద్యోగుల బకాయిలు, ఇలా వరస ఉంటుంది. మన వంతు వచ్చేసరికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. దివాలా కేసు జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ)లో మొదలై, కంపెనీ మీద వసూళ్లు, కేసులు ఆపే మారటోరియం వచ్చిందంటే, వినియోగదారుల కమిషన్‌లో మీ కేసు కూడా ఆగిపోతుంది. అప్పుడు ఆ దివాలా ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్ ప్రకటన ఇస్తారు, దాంట్లో చెప్పిన గడువులోపు రసీదులతో క్లెయిమ్ వేయడమే మిగిలిన దారి.

కాబట్టి తొందరపడాలి. క్రెడిట్ కార్డుతో కట్టి సరుకు రాకపోతే వెంటనే బ్యాంకుకు రాసి ఛార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకోవడం) అడగండి, దానికి గడువు ఉంటుంది. యూపీఐతో కడితే ఆ వెసులుబాటు అంత సులభంగా దొరకదు, అందుకే ఇలాంటి బుకింగులకు కార్డే మేలు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు రాసుకుంటారు. కమిషన్‌కు వెళ్లాలంటే 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న ఊళ్లోనే వేయొచ్చు, కంపెనీ హెడ్డాఫీసు ఎక్కడున్నా సరే. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. వాలెట్ బ్యాలెన్స్ స్క్రీన్‌షాట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి, యాప్ ఆగిపోయాక అది దొరకదు. కొన్నవాటికి వారంటీ కార్డు కంపెనీదా, షాపుదా అన్నదీ చూసుకోండి. షాపు ఇచ్చిన వారంటీ షాపుతోనే పోతుంది.

షాపులో పనిచేసే పిల్లల మీద మాత్రం అరవకండి. వాళ్లకూ రావలసింది రాలేదు.

నేను 1915లో ఫిర్యాదు ఇచ్చా, ఇంకా జవాబు రాలేదు. ఒకే రకం నష్టం జరిగినవాళ్లు కమిషన్ అనుమతితో ఒక్క ఫిర్యాదుగా కూడా వేయొచ్చు. ఇదే చైన్‌లో డబ్బు ఇరుక్కున్నవాళ్లు ఏ బ్రాంచో, ఎంత మొత్తమో, రసీదు ఉందో లేదో నాకు మెసేజ్ పెట్టండి.