టైల్స్ అంచుకు అల్యూమినియం పట్టీ: నాలుగేళ్లు దాటాక ఎట్లుంది?

మిర్యాలగూడలో మా వంటింటి గ్రానైట్ గట్టు మీద రెండడుగుల ఎత్తు టైల్స్ వేయించాం. పైవరస అంచు, ఫ్రిజ్ పక్కన నిలువు అంచు బయటికి కనపడేవి. మామూలుగా మేస్త్రీలు అక్కడ వైట్ సిమెంట్ రుద్ది వదిలేస్తారు. సిరామిక్ టైల్‌కి నిగనిగ అంతా పైపూతలోనే, కోసిన చోట మట్టిరంగు బయటపడుతుంది. ఆ భాగం నూనెనూ తేమనూ పీల్చేస్తుంది. అందుకే మ్యాట్ అల్యూమినియం ఎల్ పట్టీ తెచ్చాం.

దీని వెనక చిల్లుల రెక్క ఒకటుంటుంది. అది టైల్ కింద గమ్‌లో కూరుకుపోవాలి కాబట్టి టైల్‌తో పాటే వేయాలి. టైల్స్ పని అయిపోయాక తెస్తే సిలికాన్‌తో అంటించుకోవడమే, అది ఎన్నాళ్లో నిలవదు. 8, 10, 12 మిల్లీమీటర్ల సైజులుంటాయి. టైల్ ముక్క పట్టుకెళ్లి షాపులోనే ఆనించి చూడండి. పట్టీ టైల్ కంటే పైకి లేస్తే గుడ్డతో తుడిచినప్పుడల్లా తగులుతుంది.

పొయ్యి వైపు దీనికి వంక పెట్టలేను. రోజూ పోపు చిటపటలు పడ్డా తడిగుడ్డతో పోతాయి. పసుపు పట్టింది పట్టీకి కాదు, పక్కనున్న గ్రౌట్ గీతకు, అంటే టైల్స్ మధ్య సందు నింపిన సిమెంట్ లాంటి పూతకు. పైఅంచు మాత్రం గోడ కంటే వేలి మందం ముందుకొచ్చి సన్నటి అరలా ఉంటుంది. అక్కడ నూనె ఆవిరి, దుమ్ము కలిసి జిగురు పేరుకుంటాయి. వారానికోసారి సబ్బునీళ్లతో తుడవక తప్పదు.

అసలు తలనొప్పి సింక్ దగ్గర. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, వంటింట్లో కంటికి కనపడేవి బోరు నీళ్ల తెల్ల చారలే. అవి కాల్షియం, మెగ్నీషియం లవణాలు. మా పనిమనిషి ఓసారి వాటిని బాత్రూం యాసిడ్‌తో రుద్దింది. టైల్ తళతళలాడింది, పట్టీ మీద మాత్రం జానెడు మేర బూడిదరంగు మచ్చలు పడ్డాయి. యాసిడ్ పడితే అనోడైజింగ్ పొర, అంటే అల్యూమినియం మీద ఫ్యాక్టరీలో ఎక్కించే రక్షణ పొర పోతుంది, మళ్లీ రాదు. నిమ్మచెక్కతో రుద్దడం కూడా వద్దు. గిన్నెలు కడిగాక పొడిగుడ్డతో తుడిస్తే అసలు చారలే రావు.

కిటికీ మూలకు పట్టీ లేకుండా టైల్స్‌ను 45 డిగ్రీల కోత కోయించి కలిపించాం. చూడ్డానికి అన్నిటికంటే అందం అదే. కానీ కుక్కర్ మూత తగిలి మూల పెచ్చు ఊడింది, ఆ కోతలో అంచు అంత పల్చన మరి. వాష్ ఏరియాలో వేసిన పీవీసీ పట్టీ ఎండకు పసుపెక్కి పెళుసైంది. ధర తక్కువని దాన్ని కొనకండి.

ఇప్పుడు పై పోర్షన్‌కి సింక్ వైపు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీ, మిగతా అంతా మళ్లీ ఈ అల్యూమినియమే చెప్పాం. మా మరిది మాత్రం గట్టుకు వాడిన గ్రానైట్‌లోనే సన్న పట్టీ కోయించి పాలిష్ పట్టించమంటున్నాడు. గట్టిగానే ఉంటుంది, కాదనను. కాకపోతే తెల్ల టైల్స్ పక్కన నల్ల గీత నాకు నచ్చదు.